కోడ్ చదవగల లాయరు కావాలి

విశాఖ కంచరపాలెంలో పాలిటెక్నిక్ ఉంది, ఐటీఐ ఉంది, కెమికల్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, జాబ్ మేళాలు జరిగే జిల్లా ఉపాధి కార్యాలయమూ ఉంది. ఇక్కడ చదివే పిల్లల్ని ఏమవుతారని అడిగితే స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు, రైల్వే అంటారు. కంప్యూటర్ మీద ఆసక్తి ఉన్నవాళ్లు మధురవాడ ఐటీ కంపెనీల పేర్లు చెబుతారు. లా మాట ఎవరూ ఎత్తరు. సాంకేతిక చదువునూ నల్లకోటునూ కలిపే వృత్తి ఒకటుంది. అది కంపెనీల మధ్య టెక్నాలజీ వివాదాలను వాదించే న్యాయవాది పని.

సాఫ్ట్‌వేర్ చేసిస్తామన్నవాళ్లు సగంలో వదిలేస్తారు. చేసింది పనికిరాదంటూ ఆర్డరిచ్చినవాళ్లు డబ్బు ఆపేస్తారు. ఉద్యోగం మానేసినవాడు సోర్స్ కోడ్ పట్టుకుపోతాడు. మన కంపెనీ పేరును పోలిన వెబ్‌సైట్ పేరు ఇంకెవరో పెట్టుకుంటారు. కేసులన్నీ ఇలాంటివే. వీటిని సైబర్ క్రైమ్‌తో కలపకండి. ఇక్కడ పోరాటం జైలు కోసం కాదు, డబ్బు కోసం, హక్కు కోసం.

ఈ వృత్తి ఎలా ఉంటుందో తెలియాలంటే మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ కేసు చూడాలి. సత్యం అనగానే 2009 జనవరి నాటి ఖాతాల కుంభకోణమే అందరికీ గుర్తొస్తుంది. అంతకుముందే యూపెయిడ్ అనే విదేశీ కంపెనీ ఆ సంస్థ మీద 2007లో అమెరికాలోని టెక్సాస్‌లో దావా వేసింది. యూపెయిడ్ కోసం సత్యం సాఫ్ట్‌వేర్ రాసింది. దాని పేటెంట్ హక్కులు యూపెయిడ్‌కు బదిలీ కావాలంటే రాసిన ఇంజినీర్లు సంతకాలు పెట్టాలి. ఆ కాగితాలతో యూపెయిడ్ వేరే కంపెనీల మీద పేటెంట్ కేసు వేస్తే, సంతకాలే నకిలీవని అవతలివాళ్లు అడ్డం తిరిగారు. దాంతో యూపెయిడ్ సత్యం మీదికి మళ్లింది. కేసు ఇంగ్లండ్ కోర్టులనూ చుట్టి వచ్చింది. చివరికి 2009 డిసెంబరులో, యాజమాన్యం మారాక, 7 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అంత సొమ్ము కదిలింది కోడ్‌లో తప్పు దొర్లినందుకు కాదు, కాగితం మీద సంతకం దగ్గర.

అందుకే సైబర్ లా సర్టిఫికెట్ కోర్సుల వెంట పరుగెత్తకండి. ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్, కాంట్రాక్ట్ చట్టం, సాక్ష్య చట్టం నమిలి మింగండి. ఆ పునాది లేనివాడు ఏఐ గురించి ఎంత మాట్లాడినా జడ్జి ముందు నిలబడలేడు.

ఇలాంటి వ్యాపార వివాదాల కోసం కమర్షియల్ కోర్టుల చట్టం 2015లో వచ్చింది. 2018 సవరణతో 3 లక్షల రూపాయల వివాదం కూడా దాని పరిధిలోకి వచ్చింది. విశాఖలోనే ఆ కోర్టు ఉంది. అత్యవసర ఉత్తర్వు కోరని దావా అయితే ముందు మీడియేషన్‌కు వెళ్లి తీరాలని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. సమన్లు అందాక ప్రతివాది 30 రోజుల్లో జవాబు వేయాలి. కోర్టు దయ తలిస్తే 120 రోజులు. ఆ మర్నాడు తెచ్చిన జవాబును కోర్టు రికార్డులోకి తీసుకోదు. ఈ తేదీలు గుర్తుపెట్టుకోవడమే జూనియర్ మొదటి ఉద్యోగం.

సాక్ష్యం దగ్గరికొస్తే మన డిప్లొమా కుర్రాడికి మొగ్గు ఉంటుంది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఈమెయిల్, వాట్సాప్ సందేశం, సర్వర్ లాగ్ వంటివి కాపీ రూపంలో దాఖలు చేస్తే సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఏ భాగం దాఖలు చేసేవారిది, బీ భాగం నిపుణుడిది. రెండింటిలోనూ ఫైలుకు వేలిముద్రలాంటి హ్యాష్ విలువ రాయాలి. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతి అయితే అది 64 అక్షరాలూ అంకెలూ కలిసిన వరుస. ఫైల్లో ఒక్క కామా మార్చినా ఆ వరుస మొత్తం మారిపోతుంది. ముప్పయ్యేళ్ల అనుభవమున్న సీనియర్ ఇక్కడ తడబడవచ్చు. కంప్యూటర్ బ్రాంచ్ విద్యార్థికి అయిదు నిమిషాల పని. అవతలి సర్టిఫికెట్‌లో హ్యాష్ తేడా పట్టుకున్న జూనియర్ని సీనియర్ వదులుకోడు.

ఇక చదువు దారి. ఇంటర్ తర్వాత అయిదేళ్ల లా, డిగ్రీ తర్వాత మూడేళ్ల లా. రెంటికీ లాసెట్ ప్రవేశ పరీక్ష ఉంది. ఆంధ్ర యూనివర్సిటీ లా కాలేజీలో సీటూ దానితోనే. సబ్బవరం దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో అయిదేళ్ల కోర్సుకు క్లాట్ రాయాలి. డిప్లొమా వాళ్లు ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరి, అది పూర్తయ్యాక మూడేళ్ల లా చదవడం మంచిది. బీటెక్ ఉంటే పేటెంట్ ఏజెంట్ పరీక్ష కూడా రాసుకోవచ్చు, దానికి లా డిగ్రీ అక్కర్లేదు. లా పూర్తయ్యాక న్యాయవాదిగా నమోదు కావాలి; జనరల్ కేటగిరీకి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు దాటకూడదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. తర్వాత ఆలిండియా బార్ పరీక్ష.

ఇక అమ్మానాన్నలు అడిగే ప్రశ్న, జీతమెంత? పట్టణాల్లో జూనియర్లకు నెలకు 20 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. అది సూచనే, ఆదేశం కాదు. మొదటి మూడు నాలుగేళ్లు ఇంటి ఆసరా లేకపోతే కష్టం. ఆసరా లేనివాళ్లు ముందు కంపెనీల లీగల్ విభాగంలో కాంట్రాక్టులు చూసే ఉద్యోగం వెతుక్కోవడం తెలివైన పని.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. ఆ కంపెనీ తన కేసును మీ చేతిలో పెడుతుందని కలలు కనకండి. పెద్ద కంపెనీల తగాదాలు ఢిల్లీకో, ఆర్బిట్రేషన్‌కో పోతాయి. కానీ వాటికి పరికరాలు, మనుషులు, సాఫ్ట్‌వేర్ సరఫరా చేసే చిన్న సంస్థలు ఇక్కడివే. వాటి బిల్లులు ఆగినప్పుడు లాయరు ఇక్కడే కావాలి.

చివరగా మీకో చిన్న పరీక్ష. సీడీలో అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకేనని, దానికి అమ్మకం పన్ను పడుతుందని 2004లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇంటర్నెట్‌లో ఆ తీర్పు ఉచితంగా దొరుకుతుంది. లాసెట్ ఫీజు కట్టే ముందు అది పూర్తిగా చదవండి. సగంలో విసుగొచ్చి పక్కన పెట్టేస్తే ఈ వృత్తి మీకు సరిపడదు, ఫీజు డబ్బులు దాచుకోండి.