నానో యాంటెనా: సిగ్నల్ నిజంగా పెరుగుతుందా?

బీటెక్‌లో ఉన్నప్పుడు హాస్టల్ రూమ్‌లో సిగ్నల్ రావట్లేదని ఫోన్ వెనక 'బూస్టర్ స్టిక్కర్' అంటించాను. డబ్బులు పోయాయి, ఒక్క పాయింట్ కూడా పెరగలేదు. అందుకే ఇప్పుడు 'నానో యాంటెనా' అని ఎవరన్నా ముందు లెక్క చూస్తాను.

పొడవు: దీన్ని డిసైడ్ చేసేది ఫ్రీక్వెన్సీ. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగం పొడవు 12.5 సెం.మీ.; హాఫ్‌వేవ్ యాంటెనాకి అందులో సగం కావాలి. నానో పూత పూసినంత మాత్రాన ఇది తగ్గదు.

మందం: ఇక్కడే నానో పని. ఈ ఫ్రీక్వెన్సీలో కరెంట్ ఎక్కువగా రాగి పైపొరలోనే, సుమారు 1.3 మైక్రాన్ల లోతులో పారుతుంది. పొర మరీ పలచనైతే రెసిస్టెన్స్ పెరిగి సిగ్నల్ వేడిగా వృథా అవుతుంది.

2011లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీలో మ్యాక్సీన్ అనే పదార్థాల్ని కనుగొన్నారు. 2018లో అక్కడే టైటానియం కార్బైడ్ మ్యాక్సీన్‌ని నీళ్లలో కలిపి స్ప్రే చేసి, 100 నానోమీటర్ల మందంలోనూ పనిచేసే యాంటెనా చేశారు. సన్నటి రేకులు ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి కాబట్టి కరెంట్‌కి దారి దొరుకుతుంది.

మైనస్: తేమ, గాలి తగిలితే ఆక్సీకరణ చెంది పాడవుతుంది.

కాబట్టి ఎవరైనా నానో స్టిక్కర్ అమ్మితే ఒక్కటే అడగండి: "ఇది ఫోన్ లోపలి యాంటెనాకి ఎక్కడ కలుస్తుంది బ్రో?"