ఊరి నీటి లెక్క

తెలంగాణమున దక్షిణభాగమున నల్లగొండ, మహబూబునగరము జిల్లాలు కలవు. 2016లో ఇవి విభజింపబడి పెక్కు చిన్న జిల్లాలైనవి. అయినను ఆ మెట్టసీమ స్వభావము మారలేదు. కృష్ణానది ఈ సీమకు దక్షిణపుటంచున పారుచున్నది. డిండి, మూసీ, హాలియా మొదలైన ఏరులు దానిలో కలియుచున్నవి. కాని నది లోయలోను, పొలములు మెట్టమీదను ఉండుటచేత, కాలువనీరు అందని గ్రామములే ఇచ్చట చిరకాలము అధికముగా నుండెను. ఏటా కురియు వాన సుమారు ఆరు ఏడు వందల మిల్లీమీటర్లు మాత్రమే. నేల క్రింద గ్రానైటు రాయి పరచుకొని యున్నది. ఆ రాతి పగుళ్లలోను, దానిపై నున్న మొరపనేలలోను నిలిచిన నీరే బావులకు ఆధారము.

పూర్వము ఈ సీమవారు ఊరూర చెరువులను, కుంటలను నిర్మించి వాననీటిని నిలిపిరి. చెరువునీటిని పొలములకు పంచుటకు నీరటి యను గ్రామసేవకుడు ఉండెడివాడు. చెరువులో నీరెంత గలదో ఊరివారందరికిని కంటికి కనబడుచుండెను. ఎంత నీరున్నదో తెలిసినచోట ఎంత వాడవలెనో నిర్ణయించుట సులభము.

బోరుబావులు వచ్చిన పిదప ఈ స్థితి మారినది. చెరువునీరు అందరి కంటికిని కనబడును. నేలలోని నీరు ఎవరి కంటికిని కనబడదు. ఒక రైతు రెండువందల అడుగులు తవ్వించినచో పొరుగువాడు మూడువందల అడుగులు తవ్వించును. మొదటివాని బావి ఎండును. అతడు అప్పు చేసి మరల తవ్వించును. ఇరువురును ఒకే నీటిని తోడుచున్నామని ఎరుగరు. ఇట్లు బోరువెంట బోరు వేయించి అప్పులపాలైన కుటుంబములు ఈ సీమలో అనేకములు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సేద్యమునకు ఉచితముగా విద్యుత్తు నొసగినది. అది రైతునకు గొప్ప ఊరట. కాని నీటిని పొదుపు చేయుమని హెచ్చరించు కరెంటు బిల్లు దానితో లేకపోయినది.

నల్లగొండ జిల్లాకు వేరొక కష్టము గూడ కలదు. ఇచ్చటి రాతిలోని ఫ్లోరైడు నీటిలో కరగి, ఆ నీటిని త్రాగినవారి పండ్లను, ఎముకలను చెరచినది. నడుము వంగి నడువలేని వారైన పిల్లలు పెక్కు గ్రామములలో నుండిరి. తమ గోడు ఢిల్లీకి వినబడవలెనని ఆ జిల్లా ప్రజలు 1996 లోకసభ ఎన్నికలలో ఒక విచిత్రమైన మార్గము నెంచుకొనిరి. నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు పోటీచేసిరి. బ్యాలెట్టు పత్రము పుస్తకమంత యైనది. దేశమంతయు నల్లగొండ నీటిని గూర్చి మాటలాడుకొన్నది.

నీరు కావలెనని అడుగుట ప్రజల హక్కు. ఉన్న నీటిని ఎట్లు కాపాడవలెనో తామే నిర్ణయించుట అంతకంటె కష్టమైన పని. ఆ పనికి 2003లో ఒక ప్రయత్నము మొదలైనది. దానికి ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల నిర్వహణ పథకమని పేరు చెప్పవచ్చును. నెదర్లాండ్స్ ప్రభుత్వము ధనసహాయము చేసినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండగా నిలిచినది. స్థానిక స్వచ్ఛందసంస్థలు గ్రామములలో పనిచేసినవి. నల్లగొండ, మహబూబునగరము, అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము అను ఏడు కరవు జిల్లాలలో ఆరువందలకు పైగా గ్రామములు దీనిలో చేరినవి.

సాధారణముగా ఇట్టి పథకములలో అధికారులు కొలతలు తీయుదురు. నిపుణులు నివేదికలు వ్రాయుదురు. అవి కార్యాలయములలోనే నిలిచిపోవును. ఈ పథకమున కొలతలు తీసినవారు రైతులే. గ్రామములందు వర్షమాపకము లమర్చబడినవి. వాన కురిసిన దినమున రైతు దాని కొలత వ్రాసికొనెను. ఎన్నుకొన్న బావులలో పదునైదు దినముల కొకసారి నీటిమట్టమును కొలిచిరి. బోరునుండి నీరెంత వేగముగా వచ్చుచున్నదో తెలిసికొనుటకు ఒక డ్రమ్మును గడియారమును చాలినవి. డ్రమ్ము నిండుటకు ఎన్ని సెకనులు పట్టునో చూచిన లెక్క తేలును. ఈ అంకెలను ఊరిలో అందరును చూచునట్లు పలకపై వ్రాసిరి. సంఘములలో పురుషులతోపాటు స్త్రీలును సభ్యులై కొలతలు తీసిరి. ఇంటికి నీరు మోయువారు స్త్రీలే గనుక, బావిలో మట్టము తగ్గిన సంగతి ముందుగా తెలియునదియు వారికే.

వాగునకు ఊరి పొలిమేరలు లేవు. పై ఊరివారు నీటిని తోడినచో క్రింది ఊరి బావి ఎండును. కావున ఒక్కొక్క వాగు పరీవాహప్రాంతమును ఒక్కొక్క కూటముగా నేర్పరచి, అందలి గ్రామసంఘముల ప్రతినిధులను ఒకచోట చేర్చిరి. రైతు నీటి పాఠశాలలును వెలసినవి. అక్కడ రైతులు పొలమునే తరగతిగా జేసికొని, పక్షమున కొకసారి కూడి నేర్చుకొనిరి.

ఈ కృషిలో ముఖ్యమైనది యాసంగికి ముందు జరుగు నీటి లెక్క. వానాకాలము ముగిసిన వెంటనే రైతులు సమావేశమగుదురు. కురిసిన వాన ఎంత? అందులో నేలలో ఇంకినది ఎంత? వానాకాలపు పంటకు తోడినది ఎంత? మిగిలినది ఎంత? యాసంగిలో ఎవరెవరు ఏయే పంటలు వేయదలచిరి? వానికి కావలసిన నీరెంత? ఈ ప్రశ్నలకు సమాధానములను అందరి యెదుట కూడి తీసివేయుదురు.

ఆ లెక్క ఎట్టిదో ఒక ఉదాహరణము వలన తెలియును. వేయి ఎకరముల విస్తీర్ణము గల గ్రామ మొకటి కలదనుకొనుడు. ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన నాలుగువేల లీటర్లకు పైగా నీరగును. ఆ యేట 600 మిల్లీమీటర్ల వాన కురిసినది. గట్టిరాతి నేలలలో వాననీటిలో సుమారు పదవవంతు మాత్రమే లోనికి ఇంకును. అనగా ఎకరమునకు 60 మిల్లీమీటర్లు. యాసంగి వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెననుకొన్నచో, ఇరువది ఎకరముల నేలలో ఇంకిన నీరు ఒక్క ఎకరము వరికి సరిపోవును. వేయి ఎకరముల గ్రామమున వరి ఏబది ఎకరములకు మించరాదు. 400 మిల్లీమీటర్లతో పండు ఆరుతడి పైరు వేసినచో నూట ఏబది ఎకరములు పండించవచ్చును. మనుష్యులకు, పశువులకు త్రాగునీటిని ముందుగా తీసివేసినచో ఈ విస్తీర్ణము ఇంకను తగ్గును. వరిమడినుండి కొంత నీరు తిరిగి నేలలో ఇంకును గనుక నిజమైన లెక్కలో దానిని గూడ కలుపుదురు. ఎట్లు చూచినను నేలలోని నిధి చిన్నదని తేలును.

లెక్క తేలిన తరువాత ఏమి చేయవలెను? ఇక్కడనే ఈ పథకపు విశేషము కలదు. వరి వేయరాదని ఎవరును శాసింపలేదు. జరిమానా లేదు, శిక్ష లేదు. బావులను, బోరులను నమోదు చేయవలెనని చెప్పు నీరు, భూమి, చెట్ల చట్టము 2002లోనే వచ్చినది. కాని పొలము పొలమునకు కాపలా పెట్టుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. ఈ పథకము రైతు చేతికి అంకెల నిచ్చి నిర్ణయమును అతనికే విడిచినది. బోరు ఎండునని తెలిసియు వరి నాటి నష్టపోవుటకు ఎవరిష్టపడుదురు? పలు వాగుల ప్రాంతములలో రైతులు వరిని తగ్గించి వేరుశనగ, కూరగాయలు, పప్పుధాన్యములు వేసిరి. తోడు నీరు తగ్గినది. ప్రపంచబ్యాంకు వంటి సంస్థలు ఈ మార్పును మెచ్చుకొని లోకమునకు తెలిపినవి.

అయినను దీనికి లోపము లేకపోలేదు. అన్ని ప్రాంతములలోను ఫలితములు ఒకే తీరున లేవు. కూటమున లెక్క విని, ఇంటికిపోయి యథాప్రకారము వరి నాటినవారును కలరు. పథకపు ధనసహాయము ముగిసిన పిదప కొన్నిచోట్ల కొలతలు నిలిచిపోయినవి. బయటివారి చేయూత పోయిన తరువాత గూడ సంఘము నిలువవలెనన్నచో, ఊరివారు దానిని తమ సొంత పనిగా భావింపవలెను. చెరువునకు నీరటి యున్నట్లు నేలలోని నీటికిని ఒక సంరక్షకుడు కావలెను.

నీటి రక్షణలో ప్రజలకు పాలు ఉండవలెనను భావము నేడు లోకమంతట వ్యాపించినది. ఐరోపా దేశముల కూటమి 2000లో ఒక నీటిశాసనము చేసినది. దాని ప్రకారము ప్రతి నదీపరీవాహమునకు ఆరేండ్ల కొకసారి ప్రణాళిక వ్రాయవలెను. దాని ముసాయిదాను ముందుగా ప్రకటించి, ప్రజలు తమ అభిప్రాయములను తెలుపుటకు ఆరు నెలలు గడువీయవలెను. భారతప్రభుత్వము 2019లో ఆరంభించిన అటల్ భూజల పథకమును ఏడు రాష్ట్రములలో గ్రామస్థులచేతనే నీటి లెక్కలు వేయించినది. తెలంగాణము ఆ యేడింటిలో లేదు. కాని ఆ లెక్కను గ్రామస్థులే వేయగలరని పదునాఱేండ్లకు ముందు మొదలిడి చూపినవారిలో నల్లగొండ, మహబూబునగరము రైతులు ఉండిరి.

ఆ రైతులలో పెక్కుమంది పెద్దచదువులు చదివినవారు కారు. వారికి కావలసినది ఒక టేపు, ఒక డ్రమ్ము, ఒక పుస్తకము, పదిమందితో కలిసి కూర్చుండు ఓపిక. నీరు ఒక్కని సొత్తు కాదు; దాని లెక్కయు ఒక్కని పని కాదు. నదిని కాపాడు ప్రణాళిక రాజధానిలో మొదలు కానక్కరలేదు. ఊరి బావిలోనికి కొలతాడు దిగిన నాడే అది మొదలగును.