అదుపు తప్పని జారుడు

పాఠ్యభాగ ఉద్దేశం

ఆటవస్తువును స్వయంగా నిర్మించి, దాని లోపాలను పరిశీలనతో సరిదిద్దుకొనే అలవాటు విద్యార్థిలో శాస్త్రీయ దృష్టిని పెంపొందిస్తుంది. రేడియో నియంత్రిత డ్రిఫ్ట్ కారు నిర్మాణాన్ని ఆధారంగా చేసుకొని ఈ విషయాన్ని తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

తాటిబుర్రల బండి తోలని బాల్యం మన పల్లెల్లో ఒకప్పుడు అరుదు. ముంజలు తినగా మిగిలిన రెండు బుర్రలను ఒక పుల్లతో కలిపి, ఆ పుల్ల నడుమ పంగలకర్ర ఆనించి, వీధి వెంట నెట్టుకుంటూ పరుగెత్తడమే ఆ ఆట. బండి ఒక పక్కకు లాగితే పిల్లవాడు ఆగి చూసేవాడు. ఇరుసు వంకరగా ఉన్నదా, ఒక బుర్ర చిన్నదిగా ఉన్నదా అని పరీక్షించేవాడు. పుల్ల మార్చి మళ్లీ పరుగెత్తేవాడు. ఏ గురువూ చెప్పకుండానే అతడు యంత్రనిర్మాణంలోని మొదటి పాఠాన్ని నేర్చుకున్నాడు.

నేటి పిల్లలకు బొమ్మ కారు అంగట్లో సిద్ధంగా దొరుకుతుంది. అది చెడిపోతే మూలన పడుతుంది. ఎందుకు చెడిపోయిందన్న ప్రశ్న కూడా దానితోపాటే మూలన పడుతుంది. ఈ నష్టం చిన్నది కాదు. అయితే ఆ పాత ప్రశ్నను మళ్లీ నిద్రలేపే అభిరుచి ఒకటి నేడు ప్రపంచమంతటా వ్యాపించింది. అదే రేడియో నియంత్రిత డ్రిఫ్ట్ కార్ల నిర్మాణం.

డ్రిఫ్ట్ అంటే జారుడు. కారు మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు నేలపై పట్టు కోల్పోయి బయటి వైపునకు జారుతాయి. కారు ముక్కు మలుపు లోపలికి చూస్తుంది. ఆ క్షణంలో ముందు చక్రాలను మలుపునకు వ్యతిరేక దిశలో తిప్పి, కారు గిరగిర తిరిగిపోకుండా నిలపాలి. ఎడమ మలుపులో కారు పోతూ ఉంటే దాని ముందు చక్రాలు కుడికి తిరిగి ఉంటాయి. చూచేవారికి ఇది ప్రమాదం వలె తోస్తుంది. నడిపేవానికి మాత్రం ఇది సాధన. పట్టు తప్పడం వేరు, అదుపు తప్పడం వేరు అన్నదే ఈ విద్యలోని సారాంశం.

ఈ విద్య జపాన్ దేశపు కొండదారులలో, పందెపు బాటలలో రూపుదిద్దుకున్నది. 1970 దశకంలో కునిమిత్సు తకహాషి అనే పందెగాడు మలుపులలో కారును జారించి నడిపే తీరుతో ప్రసిద్ధుడయ్యాడు. ఆయనను చూచి స్ఫూర్తి పొందిన కెయిచి త్సుచియా దానిని ఒక కళగా ప్రచారం చేశాడు. 2001 నాటికి డి1 గ్రాండ్ ప్రి పేరుతో వరుస పోటీలు జరగసాగాయి. పెద్ద కార్ల వెంటే బొమ్మ కార్లూ వచ్చాయి. యోకోమో, తమియా వంటి జపాన్ సంస్థలు డ్రిఫ్ట్ కొరకు ప్రత్యేకంగా విడిభాగాల పెట్టెలను తయారు చేశాయి. అంతకుముందే కొందరు అభిరుచిపరులు బొమ్మ కారు రబ్బరు టైర్లపై నీటిగొట్టాల నుండి కోసిన ప్లాస్టిక్ ఉంగరాలను తొడిగి జారుడును సాధించారు. అంగడిలో దొరకని దానిని చేతితో చేసుకోవడమే ఈ అభిరుచికి పునాది.

దూరం నుండి యంత్రాన్ని నడపడం మరింత పాత కల. 1898లో నికోలా టెస్లా న్యూయార్క్ నగరంలో ఒక చిన్న పడవను రేడియో తరంగాలతో నడిపి చూపాడు. ఆ సూత్రమే నేటి బొమ్మ కారులోనూ పనిచేస్తున్నది. పూర్వం ఇటువంటి కార్లు ఎక్కువగా 27 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై నడిచేవి. ఒకే పౌనఃపున్యంపై ఇద్దరు ఆడితే ఒకరి ఆజ్ఞ మరొకరి కారుకు పోయేది. నేడు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ప్రతి ప్రసారిణికీ తనదైన గుర్తింపు సంకేతం ఉంటుంది. కనుక పది కార్లు ఒకే నేలపై తిరిగినా ఏ కారు తన యజమాని మాటనే వింటుంది.

ఇప్పుడు కాగజ్‌నగర్‌లో ఒక ఇంటర్మీడియట్ విద్యార్థి, ముగ్గురు మిత్రులతో కలిసి, ఇటువంటి కారును కట్టదలచాడని అనుకుందాం. నలుగురూ కలవడానికి కారణం ఉంది. ఈ అభిరుచి చౌకైనది కాదు. మంచి విడిభాగాలు చాలా వరకు విదేశాల నుండి రావాలి, వేల రూపాయలు ఖర్చవుతాయి. ఒక్కరి కోరికగా అది భారం. నలుగురి పనిగా అది పాఠశాల.

వారి ముందున్న కారు అసలు కారులో పదోవంతు. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం సుమారు 26 సెంటీమీటర్లు. బరువు సుమారు ఒకటిన్నర కిలోలు. పైనున్న పారదర్శకమైన పాలికార్బొనేట్ తొడుగుకు లోపలి వైపు నుండి రంగు వేస్తారు. కారు ఎంత గీసుకున్నా రంగు చెడకపోవడానికి అదే కారణం. లోపల మోటారు, దాని వేగాన్ని నియంత్రించే పరికరం, బ్యాటరీ, గ్రాహకం, ముందు చక్రాలను తిప్పే సర్వో, గైరో అనే చిన్న పెట్టె ఉంటాయి.

సర్వోకు గ్రాహకం విద్యుత్ స్పందనల రూపంలో ఆజ్ఞలు పంపుతుంది. స్పందన ఒకటిన్నర మిల్లీసెకన్లు ఉంటే చక్రాలు నిటారుగా నిలుస్తాయి. ఒక మిల్లీసెకను వైపునకు తగ్గితే ఒక పక్కకు, రెండు మిల్లీసెకన్ల వైపునకు పెరిగితే మరొక పక్కకు తిరుగుతాయి. గైరో కారు ఎంత వేగంగా గిరగిర తిరుగుతున్నదో, అంటే దాని కోణీయ వేగాన్ని, కనిపెడుతుంది. తోక జారిన మరుక్షణమే ముందు చక్రాలను ఎదురు దిశకు తిప్పుతుంది. పెద్ద కారులో చోదకుడు తన శరీరంతో జారుడును గ్రహిస్తాడు. బొమ్మ కారు నడిపేవాడు దూరాన నిలబడి ఉంటాడు. వెనుక చక్రాలతో మాత్రమే నడిచే చిన్న కారు అతని కన్ను పసిగట్టేలోపే తిరిగిపోతుంది. ఆ లోటును గైరో తీరుస్తుంది.

కారు సిద్ధమైంది. నలుగురూ దానిని గచ్చు నేలపై వదిలారు. కారు ముందుకు కదిలి, మలుపు తిరగబోయి, బొంగరం వలె గిర్రున తిరిగి ఆగిపోయింది. అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది.

ఒకడు మోటారు శక్తి ఎక్కువైనదన్నాడు. మరొకడు వెనుక స్ప్రింగులు గట్టిగా ఉన్నాయన్నాడు. మూడవవాడు బ్యాటరీని వెనుకకు జరపాలన్నాడు. ముగ్గురి మాటా విని మూడు మార్పులూ ఒకేసారి చేశారు. కారు ఈసారి జారనే లేదు. మొండిగా నేరుగా పోయి గోడను తాకింది. ఏ మార్పు వలన ఏమి జరిగిందో ఎవరికీ తెలియలేదు. మళ్లీ మొదటి స్థితికి తెచ్చారు. ఈసారి నాలుగవవాడు ఒక నోటుపుస్తకం తెరిచాడు. ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలని, చేసినది రాయాలని నియమం పెట్టాడు.

మొదట గైరోను పరీక్షించారు. కారును బల్లపై ఉంచి, దాని ముక్కును చేతితో చటుక్కున ఎడమకు తిప్పారు. అప్పుడు ముందు చక్రాలు కుడికి తిరగాలి. అవి ఎడమకే తిరిగాయి. గైరో దిశ తలకిందులుగా అమర్చబడింది. జారుడును ఆపవలసిన పరికరమే దానిని పెంచుతున్నది. చిన్న మీట మార్చగానే కారు స్వభావమే మారిపోయింది. మోటారును నిందించినవాడు నవ్వుకున్నాడు. కారణం తెలియకముందే తీర్పు చెప్పడం ఎంత సులభమో ఆ నవ్వులో అతనికి తెలిసివచ్చింది.

తరువాత గైరో స్పందన తీవ్రతను క్రమంగా పెంచారు. కొంతవరకు కారు స్థిరపడింది. మరీ పెంచితే ముందు చక్రాలు గజగజ వణికాయి. గైరో తాను చేసిన సవరణను తానే మళ్లీ మళ్లీ సవరించుకోవడమే ఆ వణుకునకు కారణం. కొంచెం తగ్గించగానే వణుకు ఆగింది. సవరణకు కూడా మితం అవసరమని ఆ చక్రాలు బోధించాయి.

ఇక నేల సంగతి. గట్టి ప్లాస్టిక్ టైరుకు, నేలకు మధ్య ఘర్షణ తక్కువగా ఉండటం వలన చిన్న మోటారు సైతం చక్రాలను జారించగలదు. భౌతికశాస్త్రం ప్రకారం జారుతున్న తలాల మధ్య ఉండే గతిక ఘర్షణ సాధారణంగా నిలకడగా ఉన్న తలాల మధ్య ఉండే గరిష్ఠ స్థైతిక ఘర్షణ కంటే తక్కువ. అందువలన జారుడు మొదలుపెట్టడం ఒక ఎత్తు, దానిని నిలుపుకోవడం మరొక ఎత్తు. నున్నని గచ్చుపై అమరిన కారు నాపరాళ్ల నేలపై రాళ్ల సందుల వద్ద తడబడుతుంది. గాలికి కొట్టుకువచ్చిన సన్నని దుమ్ము కూడా పట్టును మారుస్తుంది. అందుకే ఆటకు ముందు చీపురు పట్టడం కూడా ఈ విద్యలో భాగమే.

పళ్లచక్రాల లెక్క మరొక పాఠం. మోటారు ఇరుసుపై 21 పళ్ల చిన్నచక్రం, దానికి ఆనుకొని 84 పళ్ల పెద్దచక్రం ఉంటే నిష్పత్తి నాలుగు. లోపల మరొక రెండింతల తగ్గింపు ఉంటే మోటారు ఎనిమిది చుట్లు తిరిగినప్పుడు కారు చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. చిన్నచక్రానికి పళ్లు పెంచితే వేగం పెరుగుతుంది, లాగే బలం తగ్గుతుంది, మోటారు వేడెక్కుతుంది. ఏదీ ఉచితంగా రాదు.

ఈ ఆటలో జాగ్రత్తలు తప్పనిసరి. ఒకటిన్నర కిలోల కారు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తాకితే, అంతే బరువు ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుండి పడినంత దెబ్బ తగులుతుంది. కనుక జనసంచారం ఉన్న వీధులలో దీనిని ఆడరాదు. లిథియం పాలిమర్ బ్యాటరీతో మరింత మెలకువ అవసరం. దానిలోని ఒక్కొక్క ఘటాన్ని 4.2 వోల్టులకు మించి నింపరాదు. తగిన ఛార్జరునే వాడాలి. ఛార్జింగ్ జరుగుతున్నప్పుడు విడిచి పోరాదు. ఉబ్బిన బ్యాటరీని ఉపయోగించరాదు. మన ప్రాంతపు వేసవిలో దానిని ఎండలో వదిలివేయడం అపాయకరం.

ఈ అభిరుచి మనకు పరాయిదని కొందరికి అనిపించవచ్చు. కాని కాగజ్‌నగర్ యంత్రం చుట్టూ పెరిగిన ఊరు. కాగజ్ అనే ఉర్దూ పదానికి కాగితమని అర్థం. 1938లో స్థాపించబడిన సిర్పూర్ పేపర్ మిల్లు వలననే ఊరికి ఆ పేరు వచ్చింది. కాగితం తయారయ్యే యంత్రంలో తడి పొర ఒక రోలరు నుండి మరొక రోలరుకు పోతూ ఆరుతుంది. వరుసలోని రోలర్ల వేగాలు ఒకదానితో ఒకటి పొందికగా ఉండాలి. ముందున్నది మితిమీరి లాగితే పొర చిరుగుతుంది, మందగిస్తే మడత పడుతుంది. ఆ పొందికను కనిపెట్టి నిలిపే కార్మికుని పనికి, నోటుపుస్తకం పట్టిన ఆ విద్యార్థి పనికి పోలిక ఉన్నది. రెండూ యంత్రాన్ని శ్రుతి చేసే పనులే.

ఆ మిల్లు 2014లో మూతపడింది. ఊరంతా ఆ మౌనాన్ని అనుభవించింది. 2018లో అది జె.కె. పేపర్ సంస్థ చేతికి వచ్చి మళ్లీ ప్రాణం పోసుకున్నది. ఒక పరిశ్రమ నిలవడం, ఆగడం బొమ్మ కారు వలె చేతిలోని మీటకు లోబడేవి కావు. అయినా యంత్రం ఎందుకు ఆగిందని అడగగలిగే చేతులు, చూపులు ఒక ఊరిలో మిగిలి ఉండటం ఆ ఊరికి ఆస్తి. ఆ ఆస్తి పుస్తకాలతో మాత్రమే రాదు. తాటిబుర్రల బండితో వస్తుంది, మరమ్మతు చేసిన సైకిలుతో వస్తుంది, గచ్చుపై గిర్రున తిరిగి ఆగిన చిన్న కారుతోనూ వస్తుంది.

ఆ నలుగురూ సాయంత్రం మళ్లీ కారును వదిలారు. అది మలుపు వద్ద తోక జార్చి, ముందు చక్రాలను ఎదురు తిప్పి, ఒక్క వంపులో సాగిపోయింది. నోటుపుస్తకంలో ఆనాటికి పదకొండు మార్పులు రాసి ఉన్నాయి. వాటిలో ఏడు పనికిరానివి. ఆ ఏడింటిని కూడా వారు కొట్టివేయలేదు.

పదాలు – అర్థాలు

అభిరుచి = ఇష్టంతో చేసే పని, మక్కువ
పౌనఃపున్యం = ఒక సెకనులో తరంగం పునరావృతమయ్యే సంఖ్య
ప్రసారిణి = సంకేతాలను పంపే పరికరం
గ్రాహకం = సంకేతాలను అందుకొనే పరికరం
చోదకుడు = వాహనం నడిపేవాడు
ఇరుసు = చక్రాలను కలిపే కడ్డీ
గచ్చు = సున్నం లేదా సిమెంటుతో చేసిన నేల

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. "పట్టు తప్పడం వేరు, అదుపు తప్పడం వేరు" అనే వాక్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. నలుగురు విద్యార్థులు కారును సరిదిద్దిన క్రమాన్ని తెలిపి, దాని నుండి మీరు గ్రహించిన నీతిని రాయండి.

సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. డ్రిఫ్ట్ కారులో గైరో చేసే పని ఏమిటి?
2. కాగితపు యంత్రానికి, డ్రిఫ్ట్ కారుకు గల పోలికను తెలపండి.
3. లిథియం పాలిమర్ బ్యాటరీ విషయంలో పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. రేడియో తరంగాలతో పడవను నడిపి చూపినది ఎవరు?
2. కాగజ్‌నగర్‌కు ఆ పేరు ఎలా వచ్చింది?
3. పనికిరాని ఏడు మార్పులను విద్యార్థులు ఎందుకు కొట్టివేయలేదని మీరు భావిస్తారు?