వెనుక వరుస వీరుడు – సయ్యద్ నయీముద్దీన్

ఫుట్‌బాల్ ఆటలో గోలు కొట్టినవాని పేరు మరునాటి పత్రికలో కనిపిస్తుంది. గోలు పడకుండా ఆపినవాని పేరు సాధారణంగా కనిపించదు. ఫిలింనగర్‌లో సైతం తెరమీది ముఖాన్ని గుర్తించినట్లు, తెరవెనుక దీపం పట్టినవానిని లోకం గుర్తించదు. అటువంటి వెనుక వరుసకు గౌరవం తెచ్చిన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. ఆయన జీవితం విద్యార్థులకు అధ్యయనయోగ్యం.

నయీముద్దీన్ 1944లో హైదరాబాదులో జన్మించారు. ఆ కాలంలో నగర ఫుట్‌బాల్‌కు గురుతుల్యుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఉపాధ్యాయుడైన రహీం హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దారు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకాలు గెలుచుకొంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. 1963లో రహీం కన్నుమూశారు. ఆ పోలీసు జట్టులో రాటుదేలిన నయీముద్దీన్ అటుపిమ్మట కలకత్తాకు వెళ్లి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ అనే మూడు ప్రసిద్ధ క్లబ్బులకూ ఆడారు.

డిఫెండర్ పని బంతిని దూరంగా తన్నివేయడం మాత్రమే కాదు. ప్రత్యర్థి ఎటు మళ్లుతాడో ముందే గ్రహించాలి. తోటివాడు ముందుకు సాగితే అతడు వదలిన చోటును తాను కాయాలి. బంతి చిక్కినప్పుడు తొందరపడక తగినవానికి అందించాలి. ఒక్క క్షణం ఏమరుపాటు తొంబది నిమిషాల శ్రమను వృథా చేస్తుంది.

1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో నయీముద్దీన్ నాయకత్వాన భారత జట్టు జపాన్‌ను ఓడించి కాంస్య పతకం సాధించింది. అదే సంవత్సరం ఆయనకు అర్జున పురస్కారం లభించింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత మనకు మరో పతకం రాలేదు.

ఆట విరమించిన పిమ్మట ఆయన శిక్షకులైనారు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ జట్టు ఐ.ఎఫ్.ఏ. షీల్డు, డ్యూరాండ్ కప్పు, రోవర్స్ కప్పు మూడింటినీ గెలిచింది. ఆ ఏడాదికే ద్రోణాచార్య పురస్కారం ఆయనను వరించింది. 1997లో ఖాట్మండులో, 2005లో కరాచీలో భారత జట్టు దక్షిణాసియా విజేతగా నిలిచినప్పుడు శిక్షకులు ఆయనే. బంగ్లాదేశ్ జాతీయ జట్టుకు సైతం శిక్షణ ఇచ్చారు. క్రమశిక్షణ విషయంలో ఆయన రాజీ ఎరుగరు.

శిష్యుడుగా అర్జునుని పేర, గురువుగా ద్రోణుని పేర గౌరవం పొందడం అరుదైన భాగ్యం. కాని మనం ఆలోచింపవలసిన విషయం వేరొకటి ఉన్నది. 1956-57, 1957-58లలో సంతోష్ ట్రోఫీని హైదరాబాదు గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఆ తరువాత ఆ ట్రోఫీ మన గడ్డకు తిరిగి రాలేదు. విద్య ఒకరితో ఆగిపోతే ఎంతటి వైభవమైనా చరిత్రగానే మిగులుతుంది. రహీం నేర్పినది నయీముద్దీన్ దేశానికి పంచారు. మన ఊరి పిల్లలకు పంచవలసిన బాధ్యత ఎవరిది?

కళాశాలల పెద్దలు సాయంకాలం ఒక మైదానాన్ని, ఒక శిక్షకుని విద్యార్థులకు సమకూర్చగలిగితే ఆ పరంపర మరల చిగురిస్తుంది. విద్యార్థి మిత్రులారా! అందరూ గోలు కొట్టలేరు. వెనుక నిలిచి కాపాడేవాడు లేనిదే కొట్టిన గోలుకు విలువ లేదని గుర్తుంచుకొందాం.