కోయిల కూత విని పిట్టలు పెరిగాయనుకున్నాను

పోయిన ఉగాదికి పెట్టిన వీడియోలో "మందులు కొట్టడం ఆపాక మా పొలంలో పిట్టలు బాగా పెరిగాయి" అని చెప్పాను. ఆ మాట సగం తప్పు. సరిచేసుకుందామనే ఇది రాస్తున్నా.

ఆ వీడియో చూసి మా అమ్మాయి నోటుబుక్కు తెచ్చింది. "నాన్నా, పాలపిట్టలు ఎక్కడ పెరిగాయి?" అని అడిగింది. నాలుగేళ్లుగా ప్రతి చైత్రంలో తను లెక్క రాస్తోంది. మొదటి ఏడు ఆరు, తర్వాత ఐదు, ఆ తర్వాత వరసగా రెండేళ్లూ రెండే.

నేను విన్నది కోయిలని. చైత్రం వచ్చిందంటే ఒక్క మగ కోయిల ఊరంతటికీ వినబడుతుంది. నెమళ్లంటారా, వేరుశనగ విత్తనం పెళ్లగిస్తుంటే కంటపడక ఏం చేస్తాయి! తీగ మీద కదలకుండా కూర్చునే పాలపిట్ట తగ్గితే ఎవరికి తెలుస్తుంది?

అమ్మాయి పద్ధతి చాలా తేలిక. తెల్లవారిన అరగంటకి బయల్దేరి, బావి దగ్గర్నుంచి చివరి గట్టు దాకా ఎప్పుడూ ఒకే దారిలో, పావుగంట నడక. వారానికి ఒక రోజు. ఏ పిట్టయినా కనబడకపోతే సున్నా రాయాలి, వదిలేయకూడదు. ఆ సున్నాలే ముఖ్యం. ఉగాది లెక్కని ఉగాదితోనే పోల్చాలి, దసరా లెక్కతో కాదు. చలికాలం వచ్చే జిట్టంగి పిట్టలు, గులాబీ గోరింకలు ఎండలు ముదిరేసరికి వాటి దేశాలకి వెళ్లిపోతాయి. అది తగ్గడం కాదు.

మరి పాలపిట్ట ఎందుకు తగ్గింది? 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక ప్రకారం పన్నెండేళ్లలో దేశం మొత్తమ్మీద పాలపిట్టలు సుమారు 30 శాతం తగ్గాయి. కోయిల, నెమలి పెరిగిన వాటిలో ఉన్నాయి. కాబట్టి తప్పంతా నాదే అనను. కానీ ఆరు రెండయ్యే ముందు ఏం జరిగిందో నాకు తెలుసు. గట్టు శుభ్రం చేయిస్తూ ఎండిపోయిన తాటి మోడులు మూడు కొట్టించాను. పాలపిట్ట గూడు అల్లదు. ఇలాంటి తొర్రల్లోనే, మార్చి నుంచి జూన్ లోపు గుడ్లు పెడుతుంది. మిడతలు, కీచురాళ్లు, పేడపురుగులు తిని మనకి మేలు చేసే పిట్ట అది. దాని కోసం, ఏట్రింత కోసం చేలో పక్షి స్థావరాలని కర్రలు పాతాను. కూర్చోడానికి చోటిచ్చి, గుడ్లు పెట్టే చోటు నరికేశాను!

మీ పొలంలో మోడు ఉంటే, అది ఇంటి మీదో దారి మీదో పడేలా లేకపోతే, ఉండనివ్వండి.

నిరుడు ఎండిన తాడి ఒకటి ఉంది, దాన్ని ముట్టుకోలేదు. మొన్నటి నడకలో చూస్తే దాని తొర్రలోంచి రామచిలుకలు తొంగి చూస్తున్నాయి, ఈ వీడియోలో మీకూ కనబడతాయి. పాలపిట్టల గడిలో ఈసారీ రెండే.