జోడీ చదరంగంలో నా తప్పులు

తిరుపతిలో నలభై ఏళ్లుగా పిల్లలకు చదరంగం నేర్పుతున్నాను. ఒంటరి ఆటలో నా వల్ల ఎవరికీ పెద్ద అన్యాయం జరగలేదు. ఇద్దరిద్దరు జట్టుగా ఆడే ఆటల్లో జరిగింది, అదీ చాలావరకు రాజు దగ్గరే.

1. పావులు పేర్చకముందే రాజు సంగతి తేల్చుకో.

మామూలు చదరంగంలో ఈ తంటా లేదు. నీ రాజును చెక్‌లో వదలకూడదు, ఎదుటి రాజును చంపనూ కూడదు అని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) నియమాల్లోనే ఉంది. బగ్‌హౌస్ అలా కాదు. రెండు బోర్డులు, నలుగురు ఆటగాళ్లు. నేను చంపిన పావు పక్క బోర్డులో ఉన్న నా జోడీ చేతికి వెళుతుంది, వాడు తన వంతు వచ్చినప్పుడు దాన్ని ఖాళీ గడిలో దించుకుంటాడు. ఒక బోర్డులో ఆట ముగిస్తే రెండూ ముగిసినట్టే. గడియారం తరుముతుంటే చెక్ కళ్లకు ఆనదు. చెక్ చూసుకోకుండా ఆడితే కొన్నిచోట్ల ఎత్తు వెనక్కి తీసుకోమంటారు, కొన్నిచోట్ల రాజును ఎత్తేసి ఆట అయిపోయిందంటారు. ఒక వేసవి శిబిరంలో నేను ముందుగా ఏదీ చెప్పలేదు. పొద్దున ఒక పిల్లవాణ్ణి ‘వెనక్కి తీసుకో’ అన్నాను. మధ్యాహ్నం ఇంకొకడు ఎదుటివాడి రాజును జేబులో వేసుకుంటే నవ్వేసి, గెలిచావన్నాను. ఓడినవాడి తండ్రి గొడవ పడలేదు. ‘పొద్దుటి రూలు వేరేనా సార్?’ అని మాత్రం అడిగాడు.

2. చెయ్యి ఖాళీగా ఉన్నంత మాత్రాన ఆట కట్టు కాదు.

ఈ తప్పు ఇప్పటికీ నన్ను వదలలేదు. పుత్తూరు నుంచి వచ్చిన ఒక పాప రాజు మొదటి వరసలో, తన బంట్ల వెనకే ఇరుక్కుపోయింది. అటునుంచి ఏనుగు చెక్ ఇచ్చింది. మామూలు ఆటలో అది ఆట కట్టే. బగ్‌హౌస్‌లో ఆ ఏనుగుకూ రాజుకూ మధ్య ఒక పావు దించితే చెక్ ఆగిపోతుంది. బంటును మొదటి వరసలో దించకూడదు గనక గుర్రమో శకటో కావాలి. పాప చేతిలో ఏదీ లేదు. ‘సార్, మా అన్న గుర్రం కొట్టబోతున్నాడు, కాచుకుంటాను’ అంది. గడియారంలో ఇంకా రెండు నిమిషాలున్నాయి. కాచుకునే హక్కు ఆ పాపకు ఉంది. గుర్రం ఇచ్చిన చెక్ గానీ, పక్క గడిలోంచే ఇచ్చిన చెక్ గానీ అయితే ఏది దించినా ఆగదు, అక్కడ ఆట కట్టనడం న్యాయం. నేను ఆ తేడా చూడకుండా ‘ఆట కట్టు, లే’ అన్నాను. పాప లేచింది. మరుసటి ఏడు శిబిరానికి రాలేదు.

3. నలుగురి బోర్డులో చెక్ అంటే హెచ్చరిక కాదు.

ఒక్కో వైపు పద్నాలుగు గళ్లున్న బోర్డులో నాలుగు మూలల చదరాలూ తీసేస్తే 160 గళ్లు మిగులుతాయి. జోడీలు ఎదురెదురుగా కూర్చుంటారు. నా ఎత్తుకూ నా తర్వాతి ఎత్తుకూ మధ్య ముగ్గురు ఆడతారు. ఎడమవాడు తన పావును పక్కకు జరిపి దారి తెరుస్తాడు, కుడివాడి ఏనుగు ఆ దారిన వచ్చి నా రాజును కొట్టేస్తుంది. నా వంతు అసలు రానే రాదు. వాళ్లిద్దరి నడుమ నా జోడీకి దక్కే ఒక్క ఎత్తే నాకు దిక్కు. అందుకే ఈ ఆటలో రాజును నిజంగా చంపనివ్వడమే సబబని నా తీర్పు.

గోవిందరాజస్వామి గుడి దగ్గర టీ అంగడి వెనక ఇరవై ఏళ్లు ఒక స్నేహితుడితో కలిసి ఆడాను. ఒకరోజు వాడి రాజు ముందు దారి తెరుచుకుంది. నా కంటికి మాత్రం ఊరికే దొరుకుతున్న మంత్రి కనిపించింది. కొట్టాను. మరు ఎత్తులో వాడి రాజు పోయింది. ‘నీకు మంత్రి దొరికింది కదబ్బా, చాల్లే’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను ‘నువ్వే చూసుకోవాల్సింది’ అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

4. ఇది కొత్త తగాదా కాదు.

పాచికలు వేస్తూ నలుగురు ఆడే చదరంగం గురించి అల్‌బిరూనీ 1030 ప్రాంతంలోనే రాశాడు. అందులో రాజునూ మిగతా పావుల్లాగే పట్టేవారు, దానికీ ఒక వెల కట్టేవారు. మన పచ్చీసులోనూ జోడీలు ఎదురెదురుగానే కూర్చుంటారు. నా కాయలన్నీ పండినా జోడీ కాయలు పండేదాకా గెలుపు లేదు. సాక్షాత్తూ వేంకటేశ్వరుడే వచ్చి భక్తుడు హాథీరాం బావాజీతో పాచికలాడాడని చెప్పుకునే ఊరు మాది. ఆటకు మర్యాద ఉండాలని ఇక్కడివాళ్లకు వేరే చెప్పాలా!

5. నోటిమాట నమ్మొద్దు, కాగితం మీద పెట్టు.

ఇప్పుడు మా అరుగు గోడకు ఒక కాగితం అంటించి ఉంది. బగ్‌హౌస్‌లో రాజును చెక్‌లో వదిలితే మొదటిసారి ఎత్తు వెనక్కి, రెండోసారి రాజు పోయినట్టే. దించి ఆపగలిగే చెక్ ఆట కట్టు కాదు, గడియారం ఉన్నంతసేపు కాచుకోవచ్చు. జోడీని పావు అడగొచ్చు. మీ వీధిలో వేరేగా ఆడుకుంటే వేరేగా రాసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. రాసి, నలుగురూ ఒకసారి పైకి చదివాకే గడియారం నొక్కండి నాయనా.