లైనక్స్‌లో నెట్ ఉన్నా సైట్ ఓపెన్ కావట్లేదా? ఇలా చెక్ చేయండి

వైఫై కనెక్ట్ అయ్యే ఉంటుంది, బ్రౌజర్ మాత్రం సైట్ దొరకలేదంటుంది. ఇలాంటప్పుడు నేను ముందు టెర్మినల్‌లో ‘పింగ్ 1.1.1.1’ కొడతాను. రిప్లై వస్తే నెట్ బాగానే ఉన్నట్టు. సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా మార్చే దగ్గరే తేడా ఉంది.

తర్వాత సైట్ పేరుతో రెండు కమాండ్లు ఇస్తాను. ‘డిగ్’ నేరుగా డీఎన్ఎస్ సర్వర్‌ని అడుగుతుంది. ‘గెట్‌ఎంట్ ఏహోస్ట్స్‌వీ4’ మాత్రం చాలా యాప్‌ల లాగే, సాధారణంగా ముందు హోస్ట్స్ ఫైల్ చూసి, ఆ తర్వాతే డీఎన్ఎస్‌కి వెళ్తుంది.

గెట్‌ఎంట్‌లో మాత్రమే తప్పు అడ్రస్ వస్తోందా? ఈటీసీ ఫోల్డర్‌లోని హోస్ట్స్ ఫైల్ చూడండి. ఎప్పుడో టెస్టింగ్‌కి రాసిన పాత లైన్ ఉంటే తీసేయండి. పెద్ద సైట్ల అడ్రస్‌లు మామూలుగానే మారుతుంటాయి, దానికి కంగారు పడొద్దు.

రెండూ ఫెయిలైతే డిగ్‌కి ‘@1.1.1.1’ చేర్చి మళ్లీ అడగండి. ఇప్పుడు జవాబొస్తే మీరు వాడుతున్న డీఎన్ఎస్ దగ్గరే సమస్య. వైఫై సెట్టింగ్స్‌లో దాన్ని మార్చండి. ఉబుంటులో రిజాల్వ్ కాన్ఫ్ ఫైల్‌ని చేత్తో మారిస్తే సిస్టమ్ మళ్లీ తిరగరాసేస్తుంది. అందులో కనిపించే 127.0.0.53 తప్పేం కాదు, అది మీ కంప్యూటర్‌లోనే నడిచే రిజాల్వర్. అసలు సర్వర్ ఏదో ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’ చూపిస్తుంది.

ఓఎస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ముందు ఈ ఐదు నిమిషాలు పెట్టి చూడండి.